వృద్ధాశ్రమంలో అమ్మ నిజంగా ఎలా ఉందో కనుక్కోవడం ఎలా

"బాగున్నావా అమ్మా" అంటే "బాగానే ఉన్నా నాన్నా, నువ్వు తిన్నావా" అంటుంది. మా అమ్మ వృద్ధాశ్రమంలో చేరాక మొదటి ఆరు నెలలూ ఈ మాట నమ్మి ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఒకరోజు జాకెట్టు భుజం మీంచి జారిపోతుంటే అనుమానమొచ్చి తూకం వేయిస్తే, చేరినప్పుడు 52 కిలోలున్న మనిషి 46 ఉంది. ఆశ్రమం వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే మొదటి పని, ప్రతి నెలా అదే మిషన్ మీద బరువు చూసి ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాయండి. కావాలని తగ్గించకుండానే నెలలో 5 శాతం గానీ ఆరు నెలల్లో 10 శాతం గానీ తగ్గితే వయసు మీద నెట్టేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

ఇక మనసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లది డబ్ల్యూహెచ్‌ఓ-5 అని ఐదు ప్రశ్నల పట్టీ ఉంది, 1998 నుంచి చాలా దేశాల్లో వాడుతున్నారు. గడిచిన రెండు వారాల గురించే అడగాలి: మనసు హుషారుగా ఉందా, ప్రశాంతంగా ఉందా, ఒంట్లో చురుకు ఉందా, పొద్దున లేచేసరికి నిద్ర తీరినట్టు ఉందా, రోజులో ఇష్టమైనవి ఏమైనా ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5. మా అమ్మకి అంకెలంటే విసుగు, అందుకని ఐదు చింతపిక్కలు చేతిలో పెట్టి, ఎప్పుడూ అలాగే ఉంటే ఐదూ ఇటు పెట్టు, అసలు లేకపోతే ఒక్కటీ పెట్టకు అంటాను. మొత్తం కూడి 4తో గుణిస్తే వందకి స్కోరు వస్తుంది. 50 కన్నా తక్కువైతే డిప్రెషన్ ఉందేమో డాక్టర్‌తో మాట్లాడాలి, అంతేగానీ అదే జబ్బు అని మనం తేల్చేయకూడదు. పక్కావిడ స్కోరుతో పోల్చకండి, అమ్మ కిందటి నెల స్కోరుతో పోల్చండి. 10 పాయింట్ల తేడా వచ్చిందంటే ఏదో మారినట్టే. అడిగేటప్పుడు ఆయా గానీ మేనేజర్ గానీ గదిలో ఉండకూడదు, ఇది చాలా ముఖ్యం.

స్కోరు ఒక్కటే సరిపోదు. బ్రిటన్‌లో కెంట్ యూనివర్సిటీ వాళ్ల యాస్కాట్ అనే పద్ధతిలో తిండి, శుభ్రత, భద్రతతో పాటు తన రోజు తన చేతిలో ఉందా, గౌరవంగా చూస్తున్నారా అనేవి కూడా చూస్తారు. నాకైతే ఇవే అసలైనవి అనిపిస్తాయి. స్నానం ఎప్పుడు చేయాలో ఎవరు చెప్తున్నారు? కాఫీ ఇంకో గ్లాసు కావాలంటే అడగగలుగుతోందా, భయపడుతోందా? బట్టలు మార్చేటప్పుడు తలుపు వేస్తున్నారా? గచ్చు అద్దంలా మెరుస్తున్నంత మాత్రాన ఇవన్నీ బాగున్నట్టు కాదు. ముందు చెప్పకుండా, ఒకసారి భోజనం వేళకీ ఇంకోసారి సాయంత్రం పూటా వెళ్లండి. మంచం మీదే ఉండేవాళ్లయితే మడమలు, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో మీరే చూడండి.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి మాట సరిగ్గా రానివాళ్లని ప్రశ్నలు అడిగి లాభం లేదు, గమనించాలి. పక్కకి తిప్పేటప్పుడు ముఖం చిట్లిస్తున్నారా, మూలుగుతున్నారా, ఊపిరి వేగంగా తీస్తున్నారా, ఒళ్లు బిగిస్తున్నారా, చెయ్యి పట్టుకుంటే కుదుటపడుతున్నారా. నొప్పి ఉందని మనకి తెలిసేది వీటిని బట్టే.

ఒక నెల ఆ ఐదు ప్రశ్నల్లో అమ్మకి స్కోరు 36 వచ్చింది. టెన్షన్ పడ్డాను, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లాను. మెల్లగా అడిగితే తేలిందేమిటంటే, పక్క మంచం పెద్దమ్మని వాళ్లబ్బాయి ఇంటికి తీసుకెళ్లిపోయాడు, అమ్మకి మాట్లాడే తోడు పోయింది. గది మార్పించాం, రెండు నెలలకి 56 అయింది.

లోపం కనిపిస్తే ముందు నోట్‌బుక్ తీసుకెళ్లి తేదీలు చూపించి మేనేజర్‌తో మాట్లాడండి. వినకపోయినా, కొట్టడం, తిట్టడం లాంటిది జరుగుతోందని అనుమానం వచ్చినా, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.