డెంటల్ అసిస్టెంట్లకు నేర్పేవారి కోసం, 4వ పాఠం: గిన్నెలోనే గట్టిపడ్డ ఆల్జినేట్

పోయిన పాఠంలో కోర్సుకు ముందొకసారి, అయ్యాక ఒకసారి ఒకే 20 ప్రశ్నల పేపరు పెట్టి మార్కులు పక్కపక్కన రాసుకోమన్నాను. ఆ కాగితం కాసేపు పక్కన పెట్టండి. ఈ వారం చూడాల్సింది చేతుల్ని.

మా హనుమకొండ బ్యాచ్‌లో 12 మంది. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలే ఎక్కువ. ఆల్జినేట్ (పళ్ల అచ్చు తీసే పౌడర్) కలపడానికి నీళ్లు ఎట్లా ఉండాలని అడిగితే 12 మందీ 'చల్లగా, 20 డిగ్రీల దగ్గర' అని సరిగ్గానే రాశారు. మర్నాడు ప్రాక్టికల్. మే నెల, మిట్టమధ్యాహ్నం. తొమ్మిది మంది నేరుగా కుళాయి తిప్పారు. డాబా మీది ట్యాంకు నీళ్లు, వేలు పెడితే చురుక్కుమంటాయి. నీళ్లు వేడిగా ఉన్నకొద్దీ ఆల్జినేట్ తొందరగా గట్టిపడుతుంది. ట్రేలోకి ఎత్తేలోపే గిన్నెలో రబ్బరు ముద్ద తయారైంది. "పౌడర్ పాతదేమో మేడం" అంది ఒకమ్మాయి. చల్లని నీళ్ల సీసా పక్కనే ఫ్రిజ్‌లో ఉంది!

ఆటోక్లేవ్ (పనిముట్లను ఆవిరి వేడితో శుద్ధిచేసే యంత్రం)లో పెట్టే ప్యాకెట్ టేపు మీద గీతలు నల్లబడితే ఆ ప్యాకెట్‌కు వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. సూక్ష్మజీవులు చచ్చాయో లేదో తేల్చడానికి స్పోర్ టెస్ట్ వేరే ఉంది. రాత పరీక్ష మార్కులు నాకు ఆ టేపులాగే కనిపిస్తాయి. తెలియడం, ఎట్లా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం అని వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్లు చెప్పాడు. మన పేపరు కింది రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

అందుకే చెక్‌లిస్ట్. నా మొదటి చెక్‌లిస్ట్‌లో 'బాగా కలిపింది' అని ఒక లైను ఉండేది. ఒకే అమ్మాయిని నేనూ, మా సీనియర్ అసిస్టెంటూ విడివిడిగా చూసి మార్కులు వేశాం. 10 లైన్లలో ఏడింటికే ఇద్దరి మార్కులూ కలిశాయి. 'బాగా' దగ్గర నేను రెండు వేస్తే ఆమె సున్నా వేసింది. తప్పు ఆ పిల్లది కాదు, లైనుది. దాన్ని కొట్టేసి ఇట్లా విడగొట్టాను: నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో చూసుకుందా? కొలత గ్లాసుతోనే పోసిందా? స్పాచులాతో గిన్నె అంచుకు రుద్దుతూ కలిపిందా? ప్యాకెట్ మీద రాసిన సమయంలోపు ముగించిందా? స్పాచులా ఎత్తితే ముద్ద జారకుండా నిలిచిందా? ఇవన్నీ కంటికి కనిపించేవి, గడియారానికి అందేవి. ఆ తర్వాత మా ఇద్దరికీ పెద్దగా పేచీ రాలేదు.

మార్కులు వేసే పద్ధతి సులువే. తనంతట తాను చేస్తే 2, గుర్తుచేస్తే చేస్తే 1, చెప్పినా చేయకపోతే 0. ఇక్కడ మనకే నిగ్రహం కావాలి. పిల్ల తడబడుతుంటే నోరు ఆగదు, "నీళ్లు, నీళ్లు" అనేస్తాం. అన్నామా, ఆ లైనుకు ఇక 1 మాత్రమే.

కొన్ని లైన్లను మాత్రం కూడికలో కలపకండి. వాడిన సూదికి రెండు చేతులతో క్యాప్ పెట్టినా, దాన్ని సూదులు వేసే తెల్ల డబ్బాలో కాక పసుపు సంచిలో వేసినా, మిగతాదంతా ఎంత ముచ్చటగా చేసినా ఆ రోజుకు ఫెయిలే. 50కి 48 వచ్చాయి కదా మేడం అని బతిమాలుతారు. నేను ఒప్పుకోను.

మూడు వారాల తర్వాత చెప్పాపెట్టకుండా అదే చెక్‌లిస్ట్‌తో మళ్లీ చూడండి. ముందే చెబితే ముందురోజు రాత్రి కూర్చుని బట్టీ పడతారు. మా బ్యాచ్‌లో మొదటిసారి అందరికన్నా వెనకబడ్డ అమ్మాయి రెండోసారి ఎవరూ చెప్పకుండానే ఫ్రిజ్ తలుపు తీసింది. మొదటి ర్యాంకు అమ్మాయి మళ్లీ కుళాయి దగ్గరికే పోయింది.

వచ్చే పాఠంలోగా చేయాల్సింది: సక్షన్ (నోట్లోని ఉమ్మి, నీళ్లు పీల్చే గొట్టం) పట్టే పనికి ఎనిమిది లైన్ల చెక్‌లిస్ట్ రాయండి. 'బాగా', 'సరిగ్గా', 'జాగ్రత్తగా' అన్న మాటలు అందులో కనిపించకూడదు. ఇద్దరు కలిసి ఒకే విద్యార్థిని చూడండి, మార్కులు వేసేటప్పుడు మాత్రం మాట్లాడుకోవద్దు. మార్కులు కలవని లైన్లకు ఎర్ర పెన్నుతో గీత పెట్టి ఉంచండి, వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెడదాం.