జింకు తగిలిన స్టెయిన్‌లెస్ పైపుకు వెల్డింగ్‌లో పగుళ్లు రాకుండా చూడటం

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల పరిశ్రమల్లాంటి చోట్ల స్టెయిన్‌లెస్ పైపులూ, జింకుపూత పూసిన జీఐ సపోర్టులూ పక్కపక్కనే ఉంటాయి. ఆ సపోర్టును నేరుగా పైపుకు వెల్డు చేసినా, పైన జీఐ రెయిలింగును గ్యాస్‌తో కోస్తుండగా కరిగిన జింకు చుక్కలు కింద వేడిగా ఉన్న అతుకు మీద పడినా, వెల్డు అంచున వెంట్రుకంత పగులు రావచ్చు. నింద మాత్రం వెల్డరు చేతి మీదకో, అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్డు మీదకో పోతుంది.

జింకు సుమారు 420 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. స్టెయిన్‌లెస్ కరగడానికి దాదాపు 1400 డిగ్రీలు కావాలి. అందువల్ల స్టీలు ఇంకా గట్టిగా ఉన్నచోట జింకు ద్రవమై లోహపు రేణువుల సరిహద్దుల్లోకి దిగుతుంది, అతుకు ముడుచుకునేటప్పటి లాగుడుకు ఆ సరిహద్దులు విడిపోతాయి. మిగ్ వెల్డింగ్ గన్ కొనన, తీగ బయటికొచ్చే రాగి టిప్ నుంచి అంటుకున్న రాగి కూడా ఇలాగే చేయగలదు.

జీఐని స్టెయిన్‌లెస్‌కు వెల్డు చేయకుండా, రబ్బరు పొర వేసిన యూ-బోల్టుతో బిగించడమే అన్నిటికన్నా మేలు. తప్పనిసరైతే అతుకు స్థానం నుంచి కనీసం 50 మిల్లీమీటర్ల మేర, ముందువైపూ వెనకవైపూ, పూతను గ్రైండరుతో పూర్తిగా తీసి, స్టెయిన్‌లెస్‌ను మామూలు స్టీలుతో అతికేందుకు వాడే 309ఎల్ రకం ఫిల్లర్ వాడాలి. పూతను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడం సులువే గాని, అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్‌కు తుప్పు గుంటలూ, వాటి నుంచి పగుళ్లూ అనే మరో జబ్బు తెస్తుంది. జీఐ మీద తిప్పిన డిస్కునూ, వైరు బ్రష్షునూ పైపు మీద పెట్టకూడదు. అన్నీ చేశాక కూడా ఆర్క్ వెలిగించగానే చిక్కటి తెల్లపొగ లేచి, చుట్టూ దూదిపింజల్లాంటి తెల్లటి పొడి పేరుకుంటే జింకు ఇంకా మిగిలి ఉన్నట్టే; వెంటనే ఆపాలి. ఆ పొగ పీల్చినవారికి రాత్రికి చలిజ్వరం రావచ్చు కూడా.

పగులు వచ్చాక దాని మీదే మరో పాస్ (ఇంకో వరస వెల్డు) వేయడం నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది, ఎందుకంటే లోపల ఉన్న జింకు మళ్లీ కరిగి ఇంకా లోతుకు పోతుంది. పగులును దాని కొసలు దాటేవరకూ గ్రైండ్ చేసి, శుభ్రపరచి, పగుళ్లలోకి ఇంకే ఎర్రరంగు ద్రవం డై పెనెట్రెంట్ పూసి, డబ్బా మీద రాసిన సమయం ఆగి, పైది తుడిచి, లోపలి రంగును పైకి లాగే తెల్లటి డెవలపర్ కొట్టాలి. తెల్లటి పొర మీద సన్నని ఎర్రగీత ఊరుతూ కనిపిస్తే ఇంకా తీయాలి. మండే సాల్వెంటు పారే లైనైతే, నిప్పురవ్వలు లేచే పనికి ఇచ్చే అనుమతి పత్రం, అంటే హాట్ వర్క్ పర్మిట్, లేకుండా గ్రైండరు ముట్టుకోకూడదు. షెడ్యూల్ 10 (గోడ మందాన్ని బట్టి ఇచ్చే తరగతి) రకం 2 అంగుళాల పైపు గోడ మందం 2.77 మిల్లీమీటర్లే, పగులు పోయేదాకా అరగదీస్తే మిగిలేది కాగితమంత గనుక, అక్కడ ఆ ముక్కను కోసి కొత్త ముక్క వేయడమే సరైన మరమ్మతు.