నెట్ ఉన్నా మెయిల్ సాఫ్ట్‌వేర్ ‘ఆఫ్‌లైన్’ అంటుంటే ఏం చేయాలి?

మా బాబాయి కొడుకు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఒక కంపెనీ వాళ్లు సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు శుక్రవారం సాయంత్రంలోపు పంపమన్నారు. వాడు గురువారం రాత్రే పంపేశాడు. సోమవారం ఫోన్ వచ్చింది, మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదని. ‘‘అన్నా, నేను సెండ్ కొట్టాను. మెయిల్ వెళ్లిపోవడం చూశాను కూడా’’ అంటాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

నేను వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాను. బ్రౌజర్‌లో వీడియో ఆగకుండా ఆడుతోంది. వాడు వాడే మెయిల్ సాఫ్ట్‌వేర్ అవుట్‌లుక్‌లో మాత్రం కింది పట్టీకి కుడివైపున చిన్న అక్షరాలతో ‘వర్కింగ్ ఆఫ్‌లైన్’ అని ఉంది. మెయిల్ నాలుగు రోజులుగా అవుట్‌బాక్స్‌లోనే, అంటే ఇంకా పంపాల్సిన మెయిళ్లుండే ఫోల్డర్‌లోనే ఉంది. రాయడం, సెండ్ నొక్కడం, మెయిల్ విండో మూసుకోవడం అన్నీ మామూలుగానే జరుగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈ సమస్యలో ప్రమాదమంతా అక్కడే ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గడువు దగ్గరపడిన మెయిల్ అయితే ముందు దాన్ని ఫోన్ నుంచో, బ్రౌజర్‌లో మెయిల్ తెరిచో పంపేయండి. రిపేరు తర్వాత చేసుకోవచ్చు.

నెట్ నిజంగా ఉందా?

బ్రౌజర్‌లో రోజూ చూసే సైటు తెరిచి ‘వస్తోంది’ అనుకోవద్దు. పాత పేజీల కాపీలు బ్రౌజర్ దాచుకుంటుంది, అవే చూపించవచ్చు. ఎప్పుడూ వెతకని మాట ఏదైనా వెతకండి. మీ ఊరి పక్క పల్లె పేరు కొట్టినా చాలు. కొత్త ఫలితాలు వస్తే నెట్ ఉన్నట్టే.

పీజీలు, కాఫీ షాపుల వైఫైతో ఇంకో తిరకాసు ఉంది. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది కానీ, ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా లోపలికి పోనివ్వదు. ఆ లాగిన్ పేజీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు దాన్ని చూపించే దారి లేదు. కాబట్టి ముందు బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వండి, ఆ తర్వాత మెయిల్ తెరవండి.

ఆఫ్‌లైన్ అంటున్నది ఎవరు?

నెట్ ఉందని తేలాక అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది ఇది అడగకుండానే రూటర్ ఆపి ఆన్ చేస్తారు, సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి గంట పోగొట్టుకుంటారు. నిజానికి ఆ మాట మూడు చోట్ల నుంచి రావచ్చు. మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఆఫ్‌లైన్ బటన్ నొక్కి ఉండవచ్చు. విండోస్ తన పరీక్షలో తప్పు లెక్క వేసి ఉండవచ్చు. లేదా నెట్ బాగానే ఉండి, మెయిల్ సర్వర్ ఒక్కటే అందకపోవచ్చు. అవుట్‌లుక్ కింది పట్టీలో ‘వర్కింగ్ ఆఫ్‌లైన్’ అని ఉంటే ముందు బటన్‌నే అనుమానించండి. ‘డిస్‌కనెక్టెడ్’ అనో, ‘ట్రైయింగ్ టు కనెక్ట్’ అనో ఉంటే అది ప్రయత్నించి విఫలమవుతోందని అర్థం.

బటన్ సంగతి

పాత అవుట్‌లుక్‌లో పైన ‘సెండ్ / రిసీవ్’ ట్యాబ్ నొక్కండి. కుడివైపున ‘వర్క్ ఆఫ్‌లైన్’ అనే బటన్ ఉంటుంది. దాని వెనక రంగు మారి, నొక్కి ఉన్నట్టు కనిపిస్తే ఆఫ్‌లైన్ మీరే పెట్టుకున్నట్టు. ఇంకోసారి నొక్కితే పోతుంది. కొద్ది క్షణాల్లో కింద ‘కనెక్టెడ్’ అని మారాలి. మా వాడిది ఇదే కేసు. పక్కనున్న బటన్ నొక్కబోయి దీన్ని నొక్కాడు.

థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ‘ఫైల్’ మెనూలో ‘ఆఫ్‌లైన్’, అందులో ‘వర్క్ ఆఫ్‌లైన్’ ఉంటుంది. పక్కన టిక్ ఉంటే తీసేయండి. మెనూ కనిపించకపోతే కీబోర్డు మీద ఆల్ట్ నొక్కండి. కింది పట్టీలో ఎడమ చివరనున్న చిన్న గుర్తును పొరపాటున నొక్కినా ఇది మారిపోతుంది. తీసేసినా తెరిచిన ప్రతిసారీ ఆఫ్‌లైన్‌లోకే పోతుంటే సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ డిస్క్ స్పేస్’ దగ్గర ఆఫ్‌లైన్ బటన్ నొక్కి, మొదలయ్యేటప్పుడు ఏ స్థితిలో ఉండాలో అక్కడ మార్చండి.

అసలు ఇలాంటి బటన్ ఎందుకు పెట్టారని మా వాడు విసుక్కున్నాడు. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు టెలిఫోన్ లైను మీద డయల్ చేసి కలుపుకోవాల్సి వచ్చేది. లైను కలిసి ఉన్నంతసేపూ బిల్లు పెరిగేది. అందుకని మెయిళ్లు దించుకుని, లైను తీసేసి, తీరిగ్గా జవాబులు రాసి, మళ్లీ కలిపి ఒక్కసారిగా పంపేవాళ్లు. ఆ రోజుల్లో అది ఎంతో ఉపయోగపడిన సదుపాయం. రైల్లో సిగ్నల్ లేనిచోట ఇప్పటికీ పనికొస్తుంది.

విండోసే పొరబడితే

బటన్ సరిగ్గానే ఉంది, నెట్ ఉంది, అయినా మెయిల్ కదలడం లేదు. అప్పుడు గడియారం పక్కనున్న నెట్‌వర్క్ గుర్తు చూడండి. అక్కడ భూగోళం బొమ్మో, ‘నో ఇంటర్నెట్’ అన్న మాటో ఉంటే విండోస్ పొరబడింది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నెట్‌వర్క్‌కు కలిసినప్పుడల్లా విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెప్పించుకుంటుంది. అందులో ఉండేది ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అన్న మూడు మాటలే. అవి ఉన్నవి ఉన్నట్టు వస్తే నెట్ ఉందని నమ్ముతుంది. రాకపోతే, లేదా వాటి బదులు వైఫై లాగిన్ పేజీ వస్తే, నెట్ లేదంటుంది. ఆఫీసు వీపీఎన్, ప్రాక్సీ (నెట్‌ను వేరే దారిలో మళ్లించేవి), యాంటీవైరస్ ఫైర్‌వాల్ (వచ్చీపోయే డేటాకు కాపలా కాసేది) ఈ ఒక్క ఫైలును అడ్డుకుంటే చాలు, మిగతా ఇంటర్నెట్ అంతా పని చేస్తున్నా విండోస్ నెట్ లేదనే చెబుతుంది. ఈ మాట మీద ఆధారపడే ప్రోగ్రాములు తాము స్వయంగా ప్రయత్నించకుండానే ఆగిపోతాయి.

వీపీఎన్ వాడుతుంటే దాన్ని తీసి చూడండి. వైఫైని ఆపి పది సెకన్లయ్యాక ఆన్ చేస్తే విండోస్ మళ్లీ పరీక్ష చేస్తుంది. ల్యాప్‌టాప్ మూత మూసి, తర్వాత తెరిచి వాడేవాళ్లకు ఇదొక్కటే సరిపోవచ్చు. అదీ కుదరకపోతే రీస్టార్ట్ చేయండి. ఈ వరసలో చేస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడుతుంది గానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు, వచ్చే వారం మళ్లీ మొదటికే వస్తుంది.

ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఇంకొకటి చూడాలి. సెట్టింగ్స్‌లో ఆ వైఫై వివరాల్లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్‌లో ఉంటే, డేటా ఆదా చేయడానికి కొన్ని ప్రోగ్రాములు తమంతట తాము ఆగిపోతాయి. డేటా సరిపడా ఉంటే దాన్ని ఆఫ్ చేయండి.

‘నెట్‌వర్క్ రీసెట్’ను మాత్రం చిట్టచివరికి ఉంచుకోండి. దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, వీపీఎన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. పాస్‌వర్డు తెలిసిన పీజీ ఓనర్ ఆ రోజు ఊళ్లో లేకపోతే చిక్కే.

ఉబుంటు వాడుతుంటే

విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వాడేవాళ్లు తీసుకునే ఎవల్యూషన్ అనే మెయిల్ ప్రోగ్రాముకు ఈ జబ్బు పాతదే. అది నెట్ ఉందా అని సొంతంగా చూసుకోదు, సిస్టమ్‌లో ఉండే నెట్‌వర్క్ మేనేజర్ చెప్పిన మాట నమ్ముతుంది. ఎవరైనా నెట్ లైనును నెట్‌వర్క్ మేనేజర్‌తో సంబంధం లేకుండా, చేత్తో సెట్టింగ్ ఫైల్లో రాసి సెట్ చేసి ఉంటే, దాని లెక్కలో ఆ లైనే ఉండదు. ముందు ‘ఫైల్’ మెనూలో ఆఫ్‌లైన్ పెట్టి ఉందేమో చూడండి. లేకపోతే ఆ లైనును నెట్‌వర్క్ మేనేజర్ చేతికి అప్పగించడమే సరైన మందు.

సర్వర్ ఒక్కటే అందకపోతే

విండోస్ నెట్ ఉందంటోంది, బటన్ సరిగ్గా ఉంది, బ్రౌజర్‌లో మెయిల్ కూడా తెరుచుకుంటోంది. అయినా సాఫ్ట్‌వేర్‌లో రావడం లేదు. పోర్టు అంటే కంప్యూటర్లో డేటా వచ్చీపోయే తలుపు లాంటిది, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. సర్వర్‌లో మెయిళ్లు ఉంచి చదివే ఐమాప్ పద్ధతిలో మెయిళ్లు రావడానికి మామూలుగా 993 పోర్టు, పోవడానికి 587 లేదా 465 పోర్టు వాడతారు. కొన్ని వైఫైల్లో బ్రౌజర్ దారి తప్ప మిగతావి మూసేస్తారు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి చూడండి. అక్కడ పని చేస్తే తప్పు ఆ వైఫైది. అక్కడా పని చేయకపోతే కంట్రోల్ కీ పట్టుకుని అవుట్‌లుక్ తెరవండి. సేఫ్ మోడ్‌లో, అంటే అదనంగా చేర్చుకున్నవేవీ లేకుండా, తెరవమంటారా అని అడుగుతుంది, అవుననండి. అలా పని చేస్తే, మధ్యలో చేర్చుకున్న యాడ్-ఇన్ (అదనపు చిన్న ప్రోగ్రాము) ఏదో అడ్డుపడుతోంది.

ఆన్‌లైన్ చేసే ముందు అవుట్‌బాక్స్ చూడండి

ఆఫ్‌లైన్ తీసేసిన మరుక్షణం అవుట్‌బాక్స్‌లో ఉన్నవన్నీ ఒక్కసారిగా వెళ్లిపోతాయి. నాలుగు రోజుల కిందటి ‘రేపు సెలవు కావాలి’ మెయిల్ కూడా. ఫోన్ నుంచి ఇప్పటికే పంపేసినవి, ఇక అక్కర్లేనివి ముందే తీసేయండి. అవుట్‌లుక్‌లో పంపడానికి సిద్ధంగా ఉన్న మెయిల్ పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తుంది. చూద్దామని దాన్ని తెరిచి, సెండ్ నొక్కకుండా మూసేస్తే ఆ వాలు పోయి మామూలు అక్షరాలవుతాయి. ఇక అది ఆన్‌లైన్ అయినా కదలదు. తెరిస్తే మళ్లీ సెండ్ నొక్కాలి.

మా వాడి అవుట్‌బాక్స్‌లో మూడు మెయిళ్లున్నాయి. సర్టిఫికెట్ల మెయిల్ తెరిచి, పైన రెండు వాక్యాలు చేర్పించాను. గురువారమే రాశానని, సాఫ్ట్‌వేర్ ఆఫ్‌లైన్‌లో ఉండటం గమనించలేదని, ఆలస్యానికి మన్నించమని. తర్వాత మళ్లీ సెండ్ కొట్టించి, ‘వర్క్ ఆఫ్‌లైన్’ బటన్ నొక్కి, ‘సెంట్’ ఫోల్డర్లో అది కనిపించేదాకా ఇద్దరం స్క్రీన్ ముందే కూర్చున్నాం.