డ్రిల్లింగు మిషను వైరు చిట్లితే

గోదావరి డెల్టాలో వానాకాలమంతా నేల తడిగానే ఉంటుంది కనుక, డ్రిల్లింగు మిషను వైరు చిట్లినచోట టేపు చుట్టి పని నడిపించడం ప్రాణాలకే ముప్పు. వైరు మొత్తాన్నీ మార్చాలి. ప్లగ్గును సాకెట్టు నుంచి తీసేసి, పిడి మూత విప్పి, ఏ తీగ ఎక్కడ బిగించి ఉందో ఫొటో తీసుకోండి. పాత వైరులో ఎర్తు తీగ ఉంటే కొత్తది కూడా తప్పనిసరిగా మూడు తీగలదే ఉండాలి, మందం పాతదానికంటే తగ్గకూడదు. పిడి దగ్గరి రబ్బరు గొట్టాన్ని వైరుకు ముందే ఎక్కించండి. చాలామంది అశ్రద్ధ చేసేది లోపలి క్లాంపు విషయంలోనే: అది విడి తీగలను కాక వైరు పైతొడుగును గట్టిగా పట్టుకోవాలి, లేకుంటే వైరును లాగిన ప్రతిసారీ ఆ లాగుడంతా స్క్రూల మీద పడి, తీగ ఊడి లోహపు బాడీకి తగిలే ప్రమాదం ఉంది.