వైశాఖంలో చలివేంద్రం పెట్టే విధానం

వైశాఖ మాసానికి స్నానాలు, పూజలు, వ్రతాలు ఎన్ని చెప్పినా, స్కాంద పురాణంలోని వైశాఖ మాహాత్మ్యం పెద్దపీట వేసింది జలదానానికే. గోవులను, భూములను, బంగారాన్ని ధారాళంగా దానం చేసిన ఇక్ష్వాకు వంశపు రాజొకడు, నీళ్లు ఎక్కడైనా ఊరికే దొరుకుతాయి కదా అని వాటిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదట. ఆ లోపం వల్ల అనేక నీచ జన్మలెత్తి, చివరకు మిథిలా నగర రాజు ఇంట్లో బల్లిగా ఉండగా, శ్రుతదేవుడనే ముని పాదాలు కడిగిన నీటి చుక్కలు మీద పడి పూర్వజన్మలు గుర్తుకొచ్చి, ఆ ముని ధారపోసిన పుణ్యంతో విముక్తి పొందాడని కథ. మే నెల మధ్యాహ్నం బెజవాడ రోడ్డు మీద నడిచినవారికి దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అక్షయ తృతీయ నాడు నీళ్లు నింపిన కుండను దానం చేసే ఆచారం ఉంది కనుక, చలివేంద్రం ఆ రోజు ప్రారంభించడం సంప్రదాయానికి తగినదే. అయితే అప్పటికే ఎండలు ముదిరితే తిథి కోసం ఆగవద్దు. స్థలం విషయంలో ఇంటి ముందు సౌకర్యం కంటే జనం అవసరం చూడాలి: బెజవాడలోనైతే బీసెంట్ రోడ్డు వంటి చిరువ్యాపారుల వీధి, బస్టాపు, గుంటూరులోనైతే హమాలీలు తిరిగే మిర్చి యార్డు పరిసరాలు. మురుగు కాలువకు దూరంగా, వేప చెట్టు కింద గానీ తాటాకుల పందిరి కింద గానీ, గాలి ఆడే చోట పెట్టాలి.

గాలి ఎందుకంటే, మట్టికుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. నాలుగు వైపులా మూసేస్తే ఆ పని సాగదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున కూడా చల్లదనం తగ్గుతుంది. కొత్త కుండను ఒక రాత్రంతా నీటిలో నానబెట్టి, కారడం లేదని చూసుకున్నాక తడి ఇసుక మీద కుదురుగా నిలిపి, చుట్టూ తడిపిన గోనెపట్ట కట్టాలి. తాగడానికి పనికివచ్చే శుభ్రమైన నీటినే పోసి, కడిగిన వట్టివేళ్లు కొన్ని వేయాలి. రోజూ ఉదయం మిగిలిన నీరు పారబోసి కొబ్బరి పీచుతో తోమాలే గాని సబ్బు వాడకూడదు. మట్టి ఆ వాసనను పీల్చుకుని వదలదు.

కుండ మూతికి గుడ్డ కట్టి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో ఒక మనిషే నీళ్లు పోయాలి. ఎవరి గ్లాసు వారు ముంచుకుంటే సాయంత్రానికి ఆ కుండలో నీళ్లు తాగేలా ఉండవు. దోసిలి పట్టినవారికి సన్నని ధారగా పోస్తే నీరు వృథా కాదు.

చెమటోడ్చేవారికి వట్టి నీళ్లు చాలవు కనుక మధ్యాహ్నం ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మాకు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వాలి. వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే నృసింహ జయంతి నాడు, మజ్జిగ బదులు బెల్లం, మిరియాలు, యాలకులతో పానకం చేయడం ఈ ప్రాంతానికి మరీ తగినది. కూతవేటు దూరంలోని మంగళగిరిలో పానకాల నరసింహస్వామి సమర్పించిన పానకంలో సగమే స్వీకరించి సగం భక్తులకే విడిచిపెడతాడని నమ్మకం. ఎవరైనా వడదెబ్బకు సొమ్మసిల్లితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

చాలామంది పొరపడేది ముగింపు దగ్గర. వైశాఖం చాంద్రమాసం కనుక ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఎండ మాత్రం సూర్యుణ్ణి బట్టి లెక్కించే కార్తెల ప్రకారమే వస్తుంది. రోళ్లు పగులుతాయని పేరుపడ్డ రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, అప్పటికి కొన్ని ఏళ్లలో వైశాఖం వెళ్లిపోయి ఉంటుంది. అందువల్ల అమావాస్యతో పందిరి విప్పేయకుండా, జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడేవరకు నడపాలి. వాడిన కుండల రంధ్రాలు నీటిలోని లవణాలతో పూడుకుపోతాయి కనుక వాటిని మొక్కలకు వదిలేసి, వచ్చే ఏడాదికి కొత్తవి కొనాలి.