వార్షిక కథా కవితల పోటీకి న్యాయనిర్ణేతగా వ్యవహరించడం ఎలా?

ఉగాదికో దీపావళికో సాహిత్య పత్రిక నిర్వహించే కథల, కవితల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని సంపాదకులు కోరినప్పుడు, అంగీకారం తెలిపే ముందే కొన్ని విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. ఎన్ని రచనలు వచ్చే అవకాశం ఉంది, తొలి వడపోత సంపాదకవర్గం చేస్తుందా లేక అన్నీ మన దగ్గరకే వస్తాయా, తగిన రచన లేదనిపిస్తే ప్రథమ బహుమతిని నిలిపివేసే అధికారం మనకు ఉంటుందా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. గడువు సంగతి లెక్క వేసి చూసుకోవాలి. ఒక్కో కథకు 15 నిమిషాల చొప్పున వేసుకున్నా 100 కథల తొలి పఠనానికే 25 గంటలు పడుతుంది. తొలి పఠనంలో నిలిచిన కథలను రెండోసారి చదవడం దీనికి అదనం. వారం రోజుల్లో ఫలితాలు కావాలని తొందరపెట్టే పోటీకి ఒప్పుకోకపోవడమే రచయితలకు చేసే మేలు.

రచయిత పేరు న్యాయనిర్ణేతకు తెలియకూడదన్న నియమం దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది కానీ, ఆచరణలో అది చిన్న చిన్న చోట్లే చెడుతుంది. రచన తనదేనని రచయిత తన పేరుతో రాసిచ్చే హామీపత్రం కథ చివరి పేజీకి అంటిపెట్టుకునే వస్తుంది, లేదా ఫైలు పేరులోనే రచయిత ఇంటిపేరు కనిపిస్తుంది. కార్యాలయం హామీపత్రాలను వేరుచేసి, ప్రతి రచనకూ ఒక సంఖ్య కేటాయించి, అన్నింటినీ ఒకే ఫాంటులో పంపాలని గట్టిగా కోరాలి. యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లలో టైపు చేసిన ప్రతిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం మామూలే గనుక, అక్షరదోషాలు అతిగా కనిపించిన రచనను మూలప్రతితో సరిచూడమని అడగకుండా పక్కన పెట్టకూడదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, మన సాహిత్య లోకం చిన్నది కాబట్టి శైలిని బట్టి మిత్రుడి కథను గుర్తుపట్టడం జరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆ సంగతి సంపాదకుడికి చెప్పి, ఆ ఒక్క రచన వరకు తప్పుకుంటే సరిపోతుంది.

ఇక అసలు పని చదవడం. మార్కుల పట్టిక ముందు పెట్టుకుని చదివితే ఇతివృత్తానికి ఇన్ని, శిల్పానికి ఇన్ని, భాషకు ఇన్ని అని పంచుకుంటూ పోతాం గానీ, కథ మనల్ని ఎక్కడ పట్టుకుందో, ఎక్కడ వదిలేసిందో గమనించం. కాబట్టి ప్రతి రచన చదవడం పూర్తికాగానే, అంకె వేయకముందే, ఎందుకు నచ్చిందో ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాలలో రాసుకోవాలి. ‘బాగుంది’, ‘పరవాలేదు’ అన్న మాటలు ఆ వాక్యాలలో ఉండకూడదు. ‘తండ్రి పొలం అమ్మే సన్నివేశం వరకు బిగువుగా ఉంది, ఆ తర్వాత రచయితే ఉపన్యాసానికి దిగాడు’ అని రాసుకుంటే, నెల తర్వాత జరిగే సమావేశంలో కూడా అది ఉపయోగపడుతుంది. రెండో విడతలో వరుస మార్చి చదవాలి. తొలి పఠనంలో అలసిన వేళ ఎదురైన రచనలకు అన్యాయం జరిగి ఉంటే అది అప్పుడే బయటపడుతుంది.

పోటీలకు వచ్చే కథలలో వృద్ధాశ్రమంలో తల్లి, అమెరికాలో కొడుకు, అప్పుల పాలైన రైతు తరచుగా కనిపిస్తారు. ఇవి రాయదగని విషయాలని కాదు. విషయం గొప్పది కాబట్టి కథ కూడా గొప్పదని భ్రమపడే ప్రమాదం న్యాయనిర్ణేతకు ఉంది. సందేశాన్ని కాసేపు పక్కనపెట్టి, ఆ పాత్ర ఆ పరిస్థితిలో అలాగే మాట్లాడుతుందా, కథ ఎవరి దృష్టికోణంలో మొదలైంది, మధ్యలో కారణం లేకుండా మరొకరి మనసులోకి ఎందుకు దూకింది అని ప్రశ్నించుకోవాలి. కొసమెరుపు మీద ఆధారపడిన కథను తప్పనిసరిగా రెండుసార్లు చదవాలి. ముగింపు ముందే తెలిసి చదివినా నిలబడిన కథే తుది జాబితాకు అర్హమైనది.

మాండలికం విషయంలో తొందరపాటు తగదు. శ్రీకాకుళం, కర్నూలు, కరీంనగర్ ప్రాంతాల పలుకుబడి మనకు పరిచయం లేనంత మాత్రాన అది దోషం కాదు. సందేహం వస్తే ఆ ప్రాంతం వారిని అడిగి తెలుసుకోవాలి. అయితే ఒకే పాత్ర ఒక పేజీలో ఒక యాసలో, మరో పేజీలో పాఠ్యపుస్తకపు భాషలో మాట్లాడితే దానిని లోపంగానే లెక్కించాలి.

పద్యాలను, వచన కవితలను ఒకే విభాగంలో పెట్టే పత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. వీలైతే వాటిని విడదీయమని సూచించాలి. వీలుకాకపోతే ఛందస్సు తెలిసినవారు కనీసం ఒక్కరైనా నిర్ణేతలలో ఉండాలి. గణాలు, యతిప్రాసలు సరిపోవడం పద్యానికి అర్హత మాత్రమే. గణం నింపడానికి వేసిన వ్యర్థపదాలు ఎన్ని ఉన్నాయో చూస్తే కవి చేయి ఎంత తిరిగిందో తెలిసిపోతుంది. వచన కవితకు మరొక పరీక్ష ఉంది: పంక్తులన్నీ కలిపి మామూలు పేరాగా రాసి చదివినా ఏమీ పోలేదనిపిస్తే, అది ముక్కలు చేసిన వచనమేనని అనుమానించవచ్చు. కవితలను పైకి చదవడం కూడా అవసరం.

నిర్ణేతలు ముగ్గురు ఉన్నప్పుడు మార్కులు కూడి ఫలితం తేల్చే అలవాటు న్యాయంగా కనిపిస్తుంది కానీ, అందులో ఒక చిక్కు ఉంది. ఒక కథకు ఇద్దరు 70, 68 వేసి, మరో కథకు 66, 65 వేశారనుకుందాం. మూడోవారు మొదటి కథకు 50, రెండో కథకు 85 వేస్తే మొత్తాలు 188, 216 అవుతాయి. అంటే ఇద్దరు మెచ్చిన కథ ఓడిపోయి, మార్కులలో ఎక్కువ తేడా చూపే అలవాటున్న ఒక్కరి ఇష్టమే నెగ్గుతుంది. మార్కులకు బదులు ఎవరికి వారు స్థానాలు ఇచ్చి, ఆ స్థానాలను కూడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అయితే స్థానాల కూడిక కూడా ఎవరికీ అభ్యంతరం లేని మధ్యరకం రచనను పైకి తేగలదు. అందుకే మిగిలిన ఇద్దరూ తోసిపుచ్చిన ఒక రచనను తుది చర్చకు నిలుపుకునే హక్కు ప్రతి నిర్ణేతకూ ఉండాలి. చర్చలో అంకెలు కాక, చదివినప్పుడు రాసుకున్న ఆ రెండు వాక్యాలే వినిపించాలి.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు దక్కింది ద్వితీయ బహుమతే. ఆనాడు ప్రథమ బహుమతి పొందిన కథ పేరు చెప్పగల తెలుగు పాఠకులు అరుదు. కనుక ఒకటో స్థానమా రెండో స్థానమా అని గంటలు ఖర్చు చేయడం కంటే, జాబితాలో ఉండవలసిన కథ బయట ఉండిపోకుండా చూడడం ముఖ్యం.

పేర్లు ప్రకటించే ముందు, ఎంపికైన రచనలలోని రెండు మూడు విలక్షణమైన వాక్యాలను ఇంటర్నెట్‌లో వెతికి చూడమని కార్యాలయానికి చెప్పాలి. ఫేస్‌బుక్‌లోనో, రచనలు పెట్టుకునే ప్రతిలిపి వెబ్‌సైటులోనో ముందే పెట్టిన రచన ప్రచురితమైనట్టా కాదా అన్నది ప్రకటనలోనే స్పష్టం చేయకపోతే ఈ దశలో తగవు తప్పదు. ఫలితాలతో పాటు అచ్చయ్యే న్యాయనిర్ణేతల మాటలో ‘పోటీ గట్టిగా ఉంది’ వంటి మర్యాద వాక్యాలు మానేసి, బహుమతి పొందిన ప్రతి రచన గురించి ఒక నిర్దిష్టమైన కారణం చెప్పాలి. బహుమతి రానివారు ఫోన్ చేసి కారణం అడిగితే సంపాదకుడిని సంప్రదించమనాలి. సమావేశంలో ఎవరు ఏమన్నారో బయట చెప్పకూడదు.