సోలోకు ముందు కొండగుర్తులను ఒకసారి తడిమి చూసుకోండి

తెలుగు ఛందస్సు చదివినవాళ్లకు ‘యమాతారాజభానసలగం’ గుర్తుండే ఉంటుంది. య గణం కావాలంటే ‘య’ దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోవాలి: యమాతా. లఘువు, గురువు, గురువు. గణం పేరూ దాని స్వరూపమూ ఆ అక్షరాల్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా వెతకనక్కర లేదు. విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు ఇచ్చే కొండగుర్తుల్లో చాలావాటికి ఈ గుణం లేదు. ల్యాండింగ్‌కు ముందు చెప్పుకునే ‘గంప్స్’ అన్న మాటలో పెట్రోలూ ఉండదు, చక్రాలూ ఉండవు. ఒక్కో అక్షరం మిమ్మల్ని ఒక్కో లీవరు దగ్గరకు తీసుకెళ్లి వదిలేస్తుంది. అక్కడ కళ్లు తెరిచి చూడాల్సింది మీరే.

మొదటి సోలో (విమానాన్ని ఒంటరిగా నడపడం) దగ్గరపడిన విద్యార్థులకు నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. పక్క సీటులో ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నంతకాలం వల్లె వేయడానికీ చూడటానికీ ఉన్న తేడా బయటపడదు. మీ కళ్లు దాటిపోయినదాన్ని ఆయన కళ్లు పట్టుకుంటాయి. ఆయన దిగి తలుపు వేసి నడిచి వెళ్లిపోయిన క్షణం నుంచి మీ నోట్లోని అక్షరాలకు మీ వేళ్లే దిక్కు.

టేకాఫ్‌కు ముందు చెప్పుకునే ‘సిగార్స్’నే తీసుకోండి. కంట్రోల్స్, ఇన్‌స్ట్రుమెంట్స్, గ్యాస్, అటిట్యూడ్ (అంటే ట్రిమ్, విమానం ముక్కును కావలసిన స్థితిలో నిలిపే సర్దుబాటు), రనప్ (ఇంజిన్ వేగం పెంచి పరీక్షించడం), సేఫ్టీ. ఇది అమెరికా వాళ్ల మాట. వాళ్లకు గ్యాస్ అంటే పెట్రోలు, మనకు వంటింట్లో సిలిండరు. ఒక ఉదయం సెస్నా 172లో నా విద్యార్థి ఒకతను ‘గ్యాస్’ అంటూ గేజీలకేసి చూశాడు. రెండు ట్యాంకులూ నిండుగా ఉన్నాయి, సంతోషంగా తర్వాతి అక్షరానికి వెళ్లాడు. సీట్ల మధ్య నేల మీద, ఏ ట్యాంకు పెట్రోలు వాడాలో ఎంచే సెలెక్టరు మాత్రం ‘లెఫ్ట్’ మీద ఉంది. పెట్రోలు పోసేటప్పుడు ఒక ట్యాంకులోంచి ఇంకోదానిలోకి పారకుండా దాన్ని అలా తిప్పి పెడతారు. ఎవరూ తిరిగి ‘బోత్’కు తేలేదు. నేను నోరు మెదపలేదు. రనప్ అయింది, సేఫ్టీ అయింది, ‘సిగార్స్ కంప్లీట్’ అన్నాడు. అప్పుడు వేలితో కిందికి చూపించాను. ఆ రోజు నుంచి నా దగ్గర గ్యాస్ అన్న మాట చెల్లదు. ‘పెట్రోలు’ అనాలి, సెలెక్టరును చేత్తో పట్టుకుని అనాలి.

అదే సిగార్స్‌లో మొదటి అక్షరానికి ఒక చక్కని కిటుకు ఉంది. యోక్‌ను (విమానం స్టీరింగును) బొటనవేళ్లు రెండూ నిటారుగా ఉండేలా పట్టుకుని ఎడమకు తిప్పండి. బొటనవేళ్లు ఎటు వాలితే అటువైపు ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. కుడికి తిప్పితే కుడిది లేవాలి. తల తిప్పి రెక్కకేసి చూడాలి సుమా. మరమ్మతులో తీగలు తారుమారై ఉంటే అది దొరికేది ఇక్కడే. ఈ కిటుకు యమాతా జాతికి చెందినది: గుర్తూ, గుర్తుపెట్టుకోవాల్సినదీ ఒకే చోట ఉన్నాయి.

కంట్రోల్స్ ఎందుకు మొదట వస్తాయో చెప్పడానికి 1935 అక్టోబరు 30న జరిగింది చాలు. అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 పరీక్షకు బయలుదేరింది. నేల మీద గాలికి ఊగకుండా వేసిన కంట్రోల్ తాళాలు తీయడం మరిచారు. విమానం నిటారుగా లేచి, ఆగి, కూలిపోయింది. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ ఆరితేరిన టెస్ట్ పైలట్. జ్ఞాపకశక్తిని నమ్ముకోకుండా కాగితం మీద రాసుకుని చూసుకునే అలవాటు ఆ ప్రమాదం తర్వాతే స్థిరపడింది. అందుకని కొండగుర్తు వచ్చు కదా అని చెక్‌లిస్టును జేబులో పెట్టకండి. ముందు వేళ్లతో తడుముకుంటూ చేయండి, తర్వాత కాగితం తీసి చదివి సరిచూసుకోండి.

ల్యాండింగ్‌కు ముందు ‘గంప్స్’: గ్యాస్, అండర్ క్యారేజ్ (చక్రాలు), మిక్స్‌చర్ (పెట్రోలు, గాలి పాళ్లు), ప్రొపెల్లర్, సీటుబెల్టులు. మీరు సోలో చేసే సెస్నా 152లో చక్రాలు ఎప్పుడూ కిందనే ఉంటాయి, ప్రొపెల్లర్‌కు లీవరు లేదు. అయినా ‘అండర్ క్యారేజ్ డౌన్’ అని అనిపిస్తారు, రేపు పెద్ద విమానం ఎక్కినప్పుడు అలవాటు ఉంటుందని. ఉద్దేశం మంచిదే. నా భయం ఇంకోటి. వంద గంటలపాటు ఎటూ చూడకుండా ‘డౌన్’ అన్న నోరు, చక్రాలు ముడుచుకునే సెనెకాలోనూ అలాగే అంటుంది. అందుకే 152లో ‘అండర్ క్యారేజ్, ఫిక్స్‌డ్’ అంటూ కిటికీలోంచి మీ వైపు చక్రాన్ని కంటితో చూడమంటాను. టైరులో గాలి ఉందో లేదో తెలుస్తుంది, కన్ను ఆ చోటికి వెళ్లడమూ అలవాటవుతుంది. పైగా ఈ అయిదక్షరాల్లో కార్బ్యురేటర్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా ఇచ్చే వేడి) లేదు, 152కు అది ముఖ్యం. ముందు ‘సి’ తగిలించుకోండి.

ఏ కొండగుర్తులోనూ లేని ఒక పని సోలోకు ఉంది. ఇన్‌స్ట్రక్టర్ దిగాక ఖాళీ సీటు బెల్టును బిగించి కట్టేయాలి. వదులుగా ఉంటే కంట్రోల్స్‌కు అడ్డం పడుతుంది, తలుపు సందులో చిక్కితే బయట రేకుకు కొట్టుకుంటూ ఇంజిన్ ఏదో అవుతోందన్నంత చప్పుడు చేస్తుంది. ఒక మనిషి బరువు తగ్గింది కాబట్టి విమానం తొందరగా లేస్తుంది, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తు మీరు అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది. తలుపు సరిగా పడక గాల్లో తెరుచుకుంటే హడావిడి పడకండి. సెస్నా అలాగే ఎగురుతుంది. దాన్ని మూయడానికి వంగితే ముక్కు ఎటు పోతోందో చూసేవాళ్లు ఉండరు. ‘ఎవియేట్, నావిగేట్, కమ్యూనికేట్’ (ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు) అని గోడల మీద రాసేది ఇందుకే. 1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 కాక్‌పిట్‌లో అందరి దృష్టీ వెలగని ఒక చిన్న బల్బు మీదే ఉండిపోయింది. ఆటోపైలట్ ఎత్తును వదిలేసిన సంగతి గమనించలేదు. 101 మంది చనిపోయారు.

ఇంజిన్ ఆగితే ఏం చేయాలన్నదానికి ఇంగ్లిషులో ఏ, బీ, సీ, డీ, ఈ ఉంది. గుండె గొంతులోకి వచ్చినప్పుడు ఇంగ్లిషు అక్షరాన్ని మాటగా, మాటను పనిగా మార్చుకోవడం రెండు మెట్లు ఎక్కువ. నేను తెలుగులోనే చెప్పిస్తాను: వేగం, చోటు, చీటీ, కబురు, దిగుడు. వేగం అంటే గ్లైడ్ వేగం (ఇంజిన్ లేకుండా తేలుతూ దిగే వేగం): 152కు 60 నాట్లు, 172కు మోడలును బట్టి 65 నుంచి 68. చోటు అంటే దిగడానికి తగిన పొలం, గాలి ఎటు వీస్తోందో చూసుకుని. చీటీ అంటే చెక్‌లిస్టు, మళ్లీ స్టార్ట్ అవుతుందేమో ప్రయత్నించడం. కబురు అంటే మేడే (రేడియోలో చెప్పే ఆపద పిలుపు), 7700 (రాడార్‌కు ఆపద తెలిపే కోడ్). దిగుడులో తలుపు గడియ తీసి ఉంచడం, పెట్రోలు కట్టేయడం వస్తాయి. ఇదంతా ఎత్తు ఉన్నప్పటి మాట. టేకాఫ్ కాగానే ఆగితే అయిదు మాటలకు తీరిక ఉండదు. ముక్కు దించి ఎదురుగా దిగడమే, రన్‌వేకు వెనక్కి తిరగాలన్న ఆశ పెట్టుకోకూడదు. ఆ ఒక్క ముక్క రన్‌వే మీద వరుసలో నిలబడినప్పుడే పైకి అనుకోండి.

స్పిన్‌కు (విమానం గిరగిరా తిరుగుతూ పడిపోవడానికి) ‘పేర్’: పవర్ తగ్గించు, ఐలెరాన్ తటస్థం, రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఎదురువైపు, ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) ముందుకు. వరుస ముఖ్యం. ఎలివేటర్‌ను రడ్డర్ కన్నా ముందు తోయకండి. మీ విమానం పుస్తకం వేరేగా చెబితే పుస్తకానిదే మాట.

ఇప్పుడు దిగుమతి గుర్తుల సంగతి. మన పిల్లలు ఎక్కువగా చూసేవి అమెరికా వీడియోలు. కొండగుర్తుతోపాటు ఆ దేశపు నిబంధన కూడా తెలియకుండా లోపలికి వచ్చేస్తుంది. మద్యానికీ విమానానికీ మధ్య అక్కడ 8 గంటలు, మన దగ్గర 12. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో గాలి పీడనాన్ని అక్కడ పాదరసం అంగుళాల్లో పెడతారు, మనం హెక్టోపాస్కల్స్‌లో. రేడియో పనిచేయనప్పుడు టవర్ నుంచి వచ్చే దీపాల్లో తెల్లని మినుకు గాల్లో ఉన్నవాళ్లకు అక్కడి పట్టికలో వర్తించదు. మనం పాటించే అంతర్జాతీయ పట్టికలో ‘ఈ విమానాశ్రయంలోనే దిగి ఏప్రన్‌కు (విమానాలు నిలిపే చోటికి) రా’ అని అర్థం. పైలట్ శిక్షణకు దక్షిణాఫ్రికాకో న్యూజిలాండ్‌కో వెళ్తున్నవాళ్లకైతే ఇంకా తమాషా. దిక్సూచికి చెప్పే ‘ఆండ్స్’ (వేగం పెరిగితే ఉత్తరం, తగ్గితే దక్షిణం చూపుతుంది) భూమధ్యరేఖ దాటితే తలకిందులై ‘శాండ్’ అవుతుంది. హైదరాబాద్‌లో నేర్చుకుంటే ఈ తప్పు కొద్దిగానే కనిపిస్తుంది, అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది కాబట్టి. పరీక్షకు బట్టీ పట్టి వెళ్లినవాడు అక్కడ మొదటిసారి నిజంగా చూస్తాడు, అదీ తిరగేసి.

ఆల్టిమీటర్ దగ్గర కాస్త ఆగాలి. అల్పపీడనం అనగానే మనకు వాన గుర్తొస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో రోజూ వినే మాటే కదా. పైలట్‌కు దానిలో ఇంకో అర్థం ఉంది. ఉదయం 1010 పెట్టుకుని బయలుదేరారు, వెళ్లినచోట పీడనం 1000. మీరు మార్చుకోలేదు. ఒక హెక్టోపాస్కల్‌కు సుమారు 30 అడుగులు. సూది చూపే ఎత్తుకన్నా మీరు 300 అడుగులు కిందున్నారు. ‘పీడనం పడిపోతే నువ్వూ పడిపోయినట్టే’ అని నేను చెప్పేది ఇందుకే. టవర్ చెప్పిన అంకెను తిరిగి పలకండి, పలుకుతూనే నాబ్ తిప్పండి.

సోలో రోజు పొద్దున ఇంట్లోనే మొదలయ్యే గుర్తు ‘ఐ యామ్ సేఫ్’: ఇంగ్లిషు అక్షరాల వరుసలో జబ్బు, మందు, ఒత్తిడి, మద్యం, అలసట, తిండి. జలుబు చేసి చెవులు బిగిస్తే దిగేటప్పుడు నొప్పి మామూలుగా ఉండదు. దానికి వేసుకునే మాత్ర నిద్ర తెప్పిస్తుంది, అంటే ఒక జలుబుతో రెండక్షరాలు పోయినట్టు. ఒత్తిడి అంటే పరీక్ష భయం ఒక్కటే అనుకోకండి. ఫీజు వాయిదా గురించి రాత్రి నాన్న చేసిన ఫోను కూడా అందులోదే. చివరి ‘ఈ’ తిండికి. తెల్లవారుజామున ఫ్లయింగ్ ఉంటుందని ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లు చాలామంది. ఏకాదశి నాడు ఉపవాసం ఉండి సోలోకు వచ్చిన అమ్మాయిని నేను ఒకసారి తిప్పి పంపాను. కోపగించుకుంది, మర్నాడు ఇడ్లీ తిని వచ్చి మూడు సర్క్యూట్లు చేసింది.